గంజాయి పీకిన నేలలో ఈ ఏడేళ్ళూ ఏం పండించాలి? మంత్రిగారికి ఒక మన్యం రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలోని ఒక కొండ ఊరి నుంచి ఈ లేఖ రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. ఒకసారి ఆ పేరు గంజాయి ఊళ్ళ జాబితాలోకి ఎక్కాక, మా పిల్లలు ఎక్కడ బస్సు దిగినా సంచులు విప్పి చూపించవలసి వస్తోంది. దాన్ని మరోసారి కాగితం మీదికి ఎక్కించే పని నా చేతులతో చేయలేను. నా పేరు కూడా రాయడం లేదు. ఎందుకో లేఖ చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

ఇది నేను రాస్తున్న ఆరో ఉత్తరం. ముందటి ఐదూ అర్జీలు. సోమవారం అర్జీల రోజున తెల్లవారుజామున ఊరి నుంచి బయలుదేరి, ఏడు కిలోమీటర్లు నడిచి, దొరికిన జీపెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చిన అర్జీలు. మూడింటికి రసీదులు ఉన్నాయి. నాలుగోదానికి నా ఫోనుకు సందేశం వచ్చింది. మీ అర్జీ పరిష్కారమైంది అని. ఆ సందేశం వచ్చే సమయానికి నేను ఎండిపోయిన కాఫీ మొక్కల మధ్య నిలబడి ఉన్నాను. చదువుకున్న మా అబ్బాయి చేత రెండుసార్లు చదివించాను, నేనే తప్పు విన్నానేమోనని. ఏది పరిష్కారమైందో ఆ సందేశంలో లేదు. ఐదో అర్జీలో అదే అడిగాను. జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పథకం గురించి మీకు చెప్పవలసిన పని లేదు. గంజాయి వదిలిన రైతుకు కాఫీ, మిరియం, సిల్వర్ ఓక్, రాజ్మా, పసుపు ఇస్తామన్న మాట మీ శాఖల నుంచి వచ్చిందే. నేను చెప్పదలచింది ఒకే ఒక్క సంగతి. అది ఏ సమీక్షలోనూ మీ ముందుకు వచ్చి ఉండదు, వచ్చి ఉంటే ఇన్నాళ్ళు ఇలా ఉండేది కాదు అని నా నమ్మకం. గంజాయి పెరిగిన నేల ఎండ నేల. కాఫీకి నీడ కావాలి. ఆ మాటను పట్టించుకోకుండా మా చేతికి కాఫీ మొక్క ఇచ్చారు.

ముందు ఆ పంట గురించి చెప్పాలి. దాచి మాట్లాడితే మిగతా మాటలకు విలువ ఉండదు.

ఆ రకాన్ని శీలావతి అంటారు. పేపర్లలో మీరూ చూసే ఉంటారు. కేరళలో పట్టుబడినా, మహారాష్ట్రలో పట్టుబడినా, మన సరిహద్దు కొండల సరుకు అని చెప్పడానికి ఆ పేరే రాస్తారు. కోస్తా చెరువుల దగ్గర శీలావతి అంటే చేప. పెద్దల మాటల్లో శీలవతి అంటే గుణవంతురాలైన ఇల్లాలు. మా నాయనమ్మ చనిపోయే వరకూ ఆ మొక్కను ఆ పేరుతో పిలవనివ్వలేదు. ఆడబిడ్డకు పెట్టుకోవలసిన పేరు అనేది. ఈ పేరు మా కొండల్లో పుట్టలేదు. మా పెద్దలు చోడి, సామ, కొర్ర, వలిసె, కంది వేశారు. ఒక్కొక్క విత్తనానికీ పండుగ చేసి నేలలో వేశారు. శీలావతి విత్తనాన్ని కింది నుంచి వచ్చిన మనుషులు సంచుల్లో తెచ్చారు. పేరు కూడా వాళ్ళతోనే వచ్చింది.

అది ఎలా పెరిగేదో, మా వాళ్ళు ఎందుకు ఒప్పుకున్నారో తెలిస్తే దాని చోటులో ఏం పెట్టాలో కూడా తెలుస్తుంది. తొలకరికి విత్తు పడితే చలికాలానికి కోత. అంటే ఒక వానాకాలం, మీద రెండు మూడు నెలలు. చెట్లు కొట్టేసిన పోడు వాలుల మీద, గెడ్డల పక్కన, దారికి దూరంగా వేసేవారు. దానికి నిండా ఎండ కావాలి. అందుకని పొలంలో మిగిలిన ఒకటి రెండు మామిడి చెట్లు, పనస చెట్లు కూడా ఆ రోజుల్లో పోయాయి. అది పోలీసు లెక్కల్లో ఎక్కడా లేదు గాని మాకు జరిగిన పెద్ద నష్టాల్లో అదొకటి. మనిషిని మించి పెరిగి, పూత దశకు వచ్చిందంటే వాసన కొండ అవతలికి పోయేది. ఆ పూతే సరుకు. పచ్చి ఆకును చట్టం కూడా గంజాయి అనదు, పూత కొసలనే అంటుంది. ఆ పూత కోసమే ఇంటిల్లిపాదీ రాత్రిళ్ళు కాపలా ఉండేవారు.

మా వాళ్ళను లొంగదీసింది దిగుబడి కాదు మంత్రిగారూ. విత్తనం వాడే తెచ్చేవాడు. ఎరువు వాడే తెచ్చేవాడు. పంట పండకముందే డబ్బు చేతిలో పెట్టేవాడు. కోత అయ్యాక మా ఇంటి గడప దగ్గరికి వచ్చి తూకం వేసుకునేవాడు. మేము మోయనక్కరలేదు, సంతలో కూర్చోనక్కరలేదు, సాయంత్రమయ్యేసరికి సగం ధరకు వదిలేసి రానక్కరలేదు. మా అల్లానికి, మా పసుపుకు, మా చింతపండుకు ఎన్నడూ దొరకని మర్యాద అది. పట్నంలో అమ్మే ధరలో మాకు అందింది చివరి ముక్కే. అయినా అది ఆషాఢంలో అందేది. ఆషాఢంలో మా ఇళ్ళలో తిండిగింజలు ఉండవు.

మా ఇంట్లోనూ రెండు పంటలు తీశాం. నా పేరు రాయకపోవడానికి కారణం ఇదే. ఆ డబ్బుతో ఇంటి మీద రేకులు వేశాను, మా ఆవిడ చెవి కమ్మలు విడిపించాను. ఆ రెండేళ్ళూ కుక్క మొరిగితే లేచి కూర్చునేవాడిని. ఆ పంట తప్పు అని నాకు ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు. మా అబ్బాయి వయసు పిల్లలు పట్నంలో దాన్ని పీల్చి ఏమవుతున్నారో పేపర్లో చూసిన రోజు అన్నం దిగలేదు.

2021 అక్టోబరు ఆఖరులో గంజాయి తోటలను నరికే ఆపరేషన్ పరివర్తన మొదలైంది. ఆ చలికాలంలో ఏజెన్సీలో 7,500 ఎకరాలకు పైగా పంట నరికారని ప్రభుత్వం చెప్పింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయికి నిప్పు పెట్టినప్పుడు ఆ పొగను దేశమంతా టీవీల్లో చూసింది. మా ఊరి తోటలను మాత్రం పోలీసులు నరకలేదు. మేమే నరికాం. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుని, రాత్రి చాలాసేపు వాదించుకుని, తెల్లవారి కత్తులు తీసుకుని వెళ్ళాం. పూత మీద ఉన్న పంట. మూడు రోజుల్లో ఒక్క మొక్క లేకుండా చేశాం. అప్పటికి చేతికి డబ్బు రాని ఇళ్ళు మా ఊళ్ళో పదకొండు. ఆ ఇళ్ళ వాళ్ళు కూడా నరికారు. మర్నాడు అధికారులు వచ్చి ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు, మా పెద్దాయనకు శాలువా కప్పారు. వానలు పడే వేళకు మొక్కలు వస్తాయని ఆ రోజే మాట ఇచ్చారు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

మేము మాట నిలబెట్టుకున్నాం. వేసవిలో గోతులు తీశాం. మా గరువులో, అంటే మా మెట్ట పొలంలో, ఎకరానికి వెయ్యి గోతులు. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు. రాతినేల. గునపం తగిలిన ప్రతిసారీ నిప్పు లేచేది. మా ఆవిడ, నేను, మా తమ్ముడి కుటుంబం, అందరం కలిసి ఏప్రిల్, మే నెలలు అదే పని చేశాం. జూన్‌లో తొలకరి వచ్చింది. గోతుల్లో నీళ్ళు నిలిచాయి. మొక్కలు రాలేదు. జూలైలో అడిగితే నర్సరీలో ఇంకా ఎదగలేదన్నారు. ఆగస్టులో అడిగితే బండి దొరకలేదన్నారు. సెప్టెంబరులో అడిగితే పంపిణీ తేదీ పైనుంచి రావాలన్నారు. వానకు గోతుల అంచులు కూలిపోయి సగం పూడిపోయాయి. రెండోసారి తవ్వాం.

మొక్కలు అక్టోబరు మూడో వారంలో వచ్చాయి. వెయ్యికి ఆరు వందల చిల్లర. దారి లేదు కనుక లారీ కింది రోడ్డు దగ్గరే దింపి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి కావిళ్ళ మీద మోసుకొచ్చాం. కవర్లు చిరిగి వేళ్ళు బయటపడ్డవి బయటపడ్డాయి. అప్పటికి వాన వెనకపట్టింది. నవంబరులో మా దగ్గర చలి ఎలా ఉంటుందో, లంబసింగి మంచు చూడడానికి వచ్చే వాళ్ళను అడిగినా చెబుతారు. వేరు పట్టని పసిమొక్క ఆ చలికి ముడుచుకుపోతుంది. తట్టుకుని నిలిచినది మార్చి ఎండకు మాడిపోతుంది. ఎందుకంటే దాని మీద నీడ లేదు.

ఇక్కడే మంత్రిగారూ, మీరు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

పాడేరు వైపు, అరకు వైపు మీరు చూసే కాఫీ తోటలు అడవి నీడన, ముప్పై ఏళ్ళ సిల్వర్ ఓక్ చెట్ల కింద ఉన్నవి. ఆ చెట్ల మొదళ్ళకు మిరియం తీగ పాకి ఉంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా అలాంటి నీడన పెరిగిన కాఫీయే. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ దుకాణం తెరిచిన రోజు మా ఊళ్ళో కూడా సంతోషించాం, మన కొండ పేరు మంచిగా వినబడిందని. ఆ తోటలు చూసి, ఇదే మొక్క ఇక్కడ ఇస్తే సరిపోతుందని మీవారు అనుకుని ఉంటారు. కాని మా పొలం అలాంటిది కాదు. శీలావతి కోసం చెట్టన్నది లేకుండా చేసిన బోడి వాలు. అక్కడ ముందు సిల్వర్ ఓక్ నాటాలి. అది పైకి లేచి నీడ ఇవ్వడానికి మూడేళ్ళు. ఆ నీడ కింద కాఫీ నాటితే తొలి పండు చేతికి రావడానికి మరో మూడు నాలుగేళ్ళు. మిరియం తీగ ఎక్కించాలన్నా చెట్టు మొదలు గట్టిపడాలి, ఎక్కాక మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. అంటే శీలావతి పీకిన రోజు నుంచి కాఫీ డబ్బు కళ్ళబడే రోజుకు మధ్య ఏడేళ్ళు. మీ కాగితాల్లో ఆ ఏడేళ్ళకు ఒక వరుస కూడా లేదు. మొక్కలు ఇచ్చాం అన్న చోట టిక్కు ఉంది. ఎన్ని బతికాయి అన్న గడి లేదు. ఆ గడి కోసమే నా రెండో అర్జీ.

ఇదేమీ ఎవరికీ తెలియని విద్య కాదు. మా మండలంలోనే ఆర్.వి. నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు నీడ ముందు, మొక్క తరువాత అన్నది మొదటి పాఠం. కాఫీ మీద బతికే మా బంధువు ముసలాయన, చదువు లేనివాడు, మా గరువు చూసి మొదటి రోజే అన్నాడు, నెత్తిన గొడుగు లేకుండా పిల్లను ఎండలో కూర్చోబెట్టారేమిట్రా అని. ఆయనకు తెలిసినది పంపిణీ తేదీ నిర్ణయించేవారికి ఎందుకు తెలియలేదు? కనీసం మొదటి ఏడాది అరటి పిలకలు ఇచ్చి ఉంటే, ఆ ఆకుల నీడనైనా మొక్క తల దాచుకునేది, ఏడాదికల్లా గెల చేతికొచ్చేది. అరటి పిలక అడిగితే ఈ పథకంలో అది లేదన్నారు.

2023 వేసవి దాటేసరికి మా ఎకరంలో మిగిలినవి నూట నలభై మొక్కలు. వాటి పేర్లు తప్ప అన్నీ తెలుసు నాకు. ఏ మొక్క ఏ బండ పక్కన ఉందో, దేనికి సాయంత్రం కొండ నీడ పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. బిందెలతో నీళ్ళు పోశాం. మా ఆవిడ పాత చీరలు చింపి కర్రలకు కట్టి పందిళ్ళు వేసింది. అలా నిలిచాయి అవి. సిల్వర్ ఓక్ మొక్కలు ఎప్పుడొచ్చాయో చెప్పమంటారా? కాఫీ ఇచ్చిన ఏడాదికి. 2023 సెప్టెంబరులో. నీడ చెట్టు కాఫీ వెనుక వచ్చింది. అది ఇప్పుడు నా భుజం దాటి ఎదిగింది. దాని కింద నిలబడవలసిన కాఫీ అంతకు ముందే పోయింది.

చచ్చిన మొక్కల చోట మళ్ళీ మొక్కలు కావాలని మూడో అర్జీ పెట్టాను. మీకు ఇప్పటికే ఇచ్చినట్టు నమోదై ఉంది, ఒక లబ్ధిదారుకు రెండోసారి ఇవ్వడం కుదరదు అన్నారు. ఇచ్చినది బతకలేదయ్యా అన్నాను. సంరక్షణ బాధ్యత రైతుదే అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటోంది. రెండుసార్లు గోతులు తవ్వినవాడికి, చీర పందిళ్ళు వేసిన మనిషికి చెప్పవలసిన మాటేనా అది?

పోనీ, ఏటా పండే పంటలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. రాజ్మా మా చలికి బాగా వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గింజ పడాలి. రాయితీ గింజ రెండేళ్ళు వరుసగా అదును దాటాకే వచ్చింది. ఒక ఏడు వేశాం, మంచుకు పూత రాలింది. మరుసటి ఏడు ఆ గింజను వండుకు తినేశాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని నిజం. పసుపు సంగతి వేరు. మా నాటు పసుపు రెండేళ్ళు నేలలో ఉండాలి. ఏడాదిలో వచ్చే రోమా రకం దుంపలు చింతపల్లి నుంచి తెచ్చుకున్న వాళ్ళు బాగుపడ్డారు. మా ఊరికి ఆ దుంప అందలేదు. వలిసెలు వేస్తే నవంబరులో కొండంతా పసుపుపచ్చని పూలు. పర్యాటకులు వచ్చి ఫోటోలు దిగి వెళతారు. వాళ్ళు వెళ్ళాక మాకు మిగిలేది గింజల డబ్బు, అది దసరాకు చేసిన అప్పు తీరడానికి చాలదు. సామ, చోడి మా కడుపుకు. అమ్మడానికి కాదు.

ఇక 2025 ఆగస్టులో అరకు వైపు కాఫీకి కాయతొలుచు పురుగు కనిపించిందని వార్త వచ్చినప్పటి నుంచి, ఉన్న నూట నలభై మొక్కల గురించి కూడా భయం పట్టుకుంది. ఈ ఏడు వాటికి తొలి కాయలు పట్టాయి, పది పన్నెండు మొక్కలకు. రోజూ కాయ కాయ తిప్పి చూస్తున్నాను, సూది బెజ్జం ఉందేమోనని. అక్కడ పురుగు పట్టిన కాయలు దూసి, వేడినీళ్ళలో ముంచి పూడ్చిపెట్టారని విన్నాను. మా ఊరికి ఇంతవరకు ఒక్కరూ వచ్చి చూడలేదు, ఏం చూడాలో చెప్పలేదు.

మీ వాళ్ళు రాకపోయినా మా ఊరికి వచ్చేవాడు ఒకడున్నాడు. ఈ మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. పోయిన జ్యేష్ఠంలో వాడు మళ్ళీ వచ్చాడు. పాతవాడే. ఈసారి ఇక్కడ వేయనక్కరలేదు, డ్రోన్లతో చూస్తున్నారు, అవతల ఒడిశా వైపు కూలికి రండి చాలు అన్నాడు. మోతకు వస్తే రోజుకు ఇంత అని చెప్పాడు. జేబులోంచి డబ్బు తీసి అరుగు మీద పెట్టాడు. నేను తీసుకోలేదు. మా ఇంట్లో ఆ నెల బియ్యం అయిపోయి పది రోజులైంది. అరుగు మీద ఆ నోట్లు ఎంతసేపు ఉన్నాయో, మా ఆవిడ వాటి వైపు చూడకుండా ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగిందో నాకు తెలుసు. చివరికి వాడే తీసుకుని వెళ్ళాడు. ప్రతి ఇంటిలోనూ అలా జరగలేదు.

మా పక్కింటి అన్న కొడుకు, ఇంటర్ తప్పినవాడు, ఒక సంచి మోయడానికి ఒప్పుకున్నాడు. సంచిలో ఇరవై కిలోలకు పైన ఉందట. ఇరవై దాటితే వాణిజ్య పరిమాణం అంటారని, పదేళ్ళకు తక్కువ శిక్ష ఉండదని, మాదకద్రవ్యాల చట్టంలో 37వ సెక్షన్ ఉన్నంతకాలం బెయిలు కూడా కష్టమని మాకు వాడు పట్టుబడ్డాకే తెలిసింది. పట్టుబడిన సంచి వాడిది కాదు. సంచి ఎవరిదో ఆ అబ్బాయి చెప్పిన ఫోను నంబరు మోగలేదు. వాళ్ళ అమ్మ నెలకోసారి కేంద్ర కారాగారానికి వెళ్ళి వస్తుంది. చార్జీలకు కోళ్ళు అమ్ముతుంది. మొన్న కోళ్ళు అయిపోయాయి.

చట్టం తప్పని నేను అనడం లేదు. 2024 నవంబరులో గంజాయిని అరికట్టడానికి ఈగల్ అనే పోలీసు దళం పెట్టారు. 1972 అన్న ఫోను నంబరు గోడల మీద రాశారు. మంచిదే. ఆ నంబరుకు ఫోను చేస్తే గంజాయి మొక్క ఎక్కడుందో చెప్పవచ్చు. కాఫీ మొక్క ఎందుకు చచ్చిపోయిందో చెప్పడానికి మాకు ఏ నంబరూ లేదు. మొక్క పీకడానికి ఎన్ని బండ్లు కొండ ఎక్కాయో నేను లెక్కపెట్టాను. మొక్క నాటించడానికి ఒక్క బండి కూడా మా ఊరి దాకా రాలేదు. ఇది కోపంతో అంటున్న మాట కాదు మంత్రిగారూ. ఆ బండ్లు ఎక్కగలిగిన దారి ఈ లారీకి ఎందుకు దొరకలేదు అని అడుగుతున్నాను. జవాబు కావాలి నాకు.

నేను ఏం కోరుతున్నానో ఒక చోట రాయమని మా అబ్బాయి అంటున్నాడు. చచ్చిన మొక్కల లెక్క తీయండి. మనిషిని పంపండి, ఇంటింటికీ, పొలం పొలానికీ, నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని అని రాసుకోమనండి. లబ్ధిదారు అన్న పేరు పక్కన మొక్క బతికి ఉందా అన్న గడి పెట్టండి. బోడి నేల ఉన్న రైతుకు మొదట నీడ చెట్టు, అరటి ఇవ్వండి, తరువాతే కాఫీ ఇవ్వండి. ఆ నీడ పెరిగే ఏళ్ళలో ఇంటికి కూడు ఎలా అన్నది మీరూ, మీ అధికారులూ కూర్చుని తేల్చండి. ఉపాధి పని రోజులు తోట సంరక్షణకే ఇచ్చినా చాలు, మా తోటలో మేమే కూలీలుగా బతికి దాన్ని నిలబెట్టుకుంటాం. రాజ్మా గింజ ఆగస్టుకు ముందు ఇవ్వండి, లేదా ఇవ్వలేమని ముందే చెప్పండి, మేమే ఎక్కడో అప్పు తెచ్చుకుంటాం. పండిన దానిని ఇంటి దగ్గరికి వచ్చి తూకం వేసి కొనండి. గిరిజనులు పండించింది, సేకరించింది కొనడానికి 1956లోనే ఒక సంస్థ పెట్టుకున్న రాష్ట్రం మనది. ఆ తూకం మా గడప దాకా రావాలని అడగడం అత్యాశ కాదు. దొంగ వ్యాపారి రాగలిగిన గడప అది.

ఇంకో మాట. మా ఊరి పేరును ఆ జాబితా నుంచి తీసేయండి. నాలుగేళ్ళుగా మా ఊళ్ళో ఒక్క శీలావతి మొక్క మొలవలేదు. కావాలంటే డ్రోను పంపి చూసుకోండి. అదే డ్రోనును కాస్త కిందికి దింపి మా ఎండిన గోతులు కూడా చూడమనండి. వాటిని ఇంకా పూడ్చలేదు మేము. మొక్కలు వస్తాయేమోనని ప్రతి వేసవిలోనూ మట్టి తోడి శుభ్రం చేస్తూనే ఉన్నాం. ఈ ఏడు కూడా ఏప్రిల్‌లో తోడతాం.

మా పెద్దాయనకు కప్పిన శాలువా ఆయన ఇంట్లో గోడకు వేలాడుతోంది. మొన్న సంతకు వెళ్ళినప్పుడు ఆయన నన్ను పిలిచి, నువ్వు ఉత్తరాలు రాస్తావట కదా, ఆ రోజు వచ్చిన దొర మాట ఇచ్చాడు, గుర్తు చేయి అన్నాడు. గుర్తు చేస్తున్నాను.

అయ్యా, ఈసారి మొక్కలు పంపితే జూన్‌లో పంపండి. సిల్వర్ ఓక్ ముందు పంపండి. కింది రోడ్డు దగ్గర దింపినా పరవాలేదు, మోసుకుంటాం.

ఇట్లు,
గూడెం కొత్తవీధి మండలం నుంచి
ఒక గిరిజన రైతు